రబ్బరు చక్రంతో తిరిగే పాత రికార్డు ప్లేయరును ఇంట్లోనే బాగుచేసుకోవడం ఎలా?

హనుమకొండ, వరంగల్, కాజీపేట ఇళ్లలో సజ్జ మీది నుంచి పాత రికార్డు ప్లేయరును దించినవారు అందరూ దాదాపు ఒకే ప్రశ్న అడుగుతున్నారు. "స్విచ్ వేస్తే గుర్రుమంటోంది కానీ పళ్లెం తిరగడం లేదు, మోటారు మార్చాలా?" అని. చాలా సందర్భాల్లో మార్చనవసరం లేదు. దశాబ్దాలుగా వాడకుండా ఉంచడం వల్ల గ్రీజు మైనంలా బిగుసుకుపోయి ఉంటుంది, రబ్బరు గట్టిపడి ఉంటుంది. మోటారు మాత్రం లోపల క్షేమంగానే ఉంటుంది. అందువల్ల ఈ పనిలో శుభ్రం చేయడం మొదటిది, నూనె వేయడం రెండవది, కొలవడం మూడవది. మార్పులు చేయడం ఈ మూడూ పూర్తయిన తరువాతి మాట. ఈ వరుసను తిరగేసినవారే ఎక్కువగా నష్టపోతున్నారు.

మీ యంత్రం ఏ రకమో ముందుగా తెలుసుకోండి. పళ్లాన్ని పైకి ఎత్తి చూసినప్పుడు సన్నని రబ్బరు పట్టీ కనిపిస్తే అది బెల్టు రకం, ఈ వ్యాసం దానికి వర్తించదు. పళ్లెం అంచు లోపలి గోడను తాకేలా రబ్బరు అంచు ఉన్న చిన్న చక్రం కనిపిస్తే అది ఐడ్లర్ రకం. 1954లో వచ్చిన గెరార్డ్ 301, 1965లో వచ్చిన గెరార్డ్ 401, చక్రం నిటారుగా నిలబడి పళ్లేన్ని అడుగు నుంచి తిప్పే లెంకో ఎల్75 ఈ వంశంలో పేరున్నవి. థోరెన్స్ టీడీ 124లో బెల్టు, చక్రం రెండూ ఉంటాయి. మన ఇళ్లలోని రేడియోగ్రాములలో (రేడియో, రికార్డు ప్లేయరు ఒకే పెట్టెలో ఉండేవి) తరచుగా కనిపించే బీఎస్ఆర్, గెరార్డ్ రికార్డు చేంజర్లు, అంటే రికార్డులను తమంతట తామే మార్చే యంత్రాలు, అంత ఖరీదైనవి కాకపోయినా పని చేసే పద్ధతి అదే.

సిద్ధాంతం ఇంతవరకు తెలిస్తే చాలు. మోటారు ఇరుసుకు తొడిగిన మెట్ల పుల్లీ రబ్బరు చక్రాన్ని తిప్పుతుంది, ఆ చక్రం పళ్లెం అంచును తిప్పుతుంది. వేగాన్ని నిర్ణయించేవి మోటారు వేగం, పుల్లీ వ్యాసం, పళ్లెం అంచు లోపలి వ్యాసం మాత్రమే. మధ్యనున్న రబ్బరు చక్రం కొద్దిగా చిన్నదైనా పెద్దదైనా వేగం మారదు. నిమిషానికి సుమారు 1430 చుట్లు తిరిగే మోటారు, 270 మిల్లీమీటర్ల అంచు ఉన్న పళ్లేన్ని 33⅓ చుట్లతో తిప్పాలంటే పుల్లీ సుమారు 6.3 మిల్లీమీటర్లు ఉండాలి. అందులో 0.06 మిల్లీమీటరు అరిగినా వేగం ఒక శాతం తగ్గుతుంది. ఈ లెక్కను గుర్తుపెట్టుకోండి, ముందుముందు దీని అవసరం వస్తుంది.

విదేశాల నుంచి తెచ్చిన యంత్రమైతే

కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వైపు గల్ఫ్ నుంచి వచ్చిన సామాను చాలా ఇళ్లలో ఉంటుంది, అమెరికా నుంచి బంధువులు తెచ్చినవీ ఉంటాయి. అటువంటి యంత్రం వెనుకనున్న రేకు మీద 60 సైకిళ్లు (60 c/s లేదా 60 Hz) అని రాసి ఉన్నదేమో తప్పకుండా చూడండి. అమెరికాలోనూ సౌదీ అరేబియాలోనూ కరెంటు 60 సైకిళ్లది, మనది 50 సైకిళ్లది. వోల్టేజీని తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినంత మాత్రాన సైకిళ్లు మారవు. ఆ మోటారు మన దగ్గర తిరిగితే 33⅓ బదులు సుమారు 27.8 చుట్లే వస్తాయి, గాయకుల గొంతులు బావిలోంచి వచ్చినట్లు వినిపిస్తాయి. దానికి 50 సైకిళ్లకు తగిన పుల్లీ కావాలి. కేవలం 110 లేక 117 వోల్టులకే తయారైన మోటారును నేరుగా మన 230 వోల్టులకు కలిపితే కాలిపోతుంది. వోల్టేజీని ఎంచుకునే ఏర్పాటు ఉంటే దాన్ని సరైన స్థానంలో పెట్టిన తరువాతనే ప్లగ్గు తగిలించండి.

కావలసినవి

ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అర లీటరు. ఇది ప్రయోగశాల రసాయనాలు అమ్మే దుకాణాల్లో దొరుకుతుంది. దీనికి బదులు చేతులకు రాసుకునే శానిటైజరు వాడకండి, అందులోని గ్లిజరిన్ రబ్బరు మీద జిడ్డుగా మిగిలిపోతుంది. ఇనుప భాగాల గ్రీజును కరిగించడానికి కొద్దిగా కిరోసిన్, మన పల్లెల్లో గ్యాసునూనె అనేది ఇదే. మోటారు బుష్‌లకు, అంటే ఇరుసు తిరిగే గొట్టపు బేరింగులకు, టర్బైన్ నూనె లేదా డిటర్జెంటు కలపని 20 నంబరు నూనె. మీటలకు, కీళ్లకు కుట్టుమిషన్ నూనె, కొంచెం లిథియం గ్రీజు. 400, 600 నంబర్ల వాటర్ పేపరు, కుచ్చు ఊడని నూలుగుడ్డ, చెవిలో పెట్టుకునే దూది పుల్లలు, మల్టీమీటరు, మంచి స్క్రూడ్రైవర్లు, స్క్రూలు వేసుకోవడానికి అరలున్న డబ్బా. వీటితో పాటు సిరీస్ బోర్డు ఒకటి కావాలి. మోటార్లు చుట్టే దుకాణంలో దీన్ని మీరు చూసే ఉంటారు. 60 వాట్ల పాతకాలపు ఫిలమెంట్ బల్బును ఫేజు తీగకు వరుసలో కలిపిన బోర్డు అది. ఎల్ఈడీ బల్బు ఇందుకు పనికిరాదు.

కండెన్సర్ల వంటి చిన్న భాగాలు స్థానికంగా దొరకకపోతే హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో దొరుకుతాయి.

పని చేసే వరుస

1. విప్పే ముందు ఫోటోలు తీసుకోండి. ప్లగ్గు తీసి, పళ్లెం తీసి, పై నుంచి, కింద నుంచి, నాలుగు పక్కల నుంచి తీయండి. స్ప్రింగులు ఏ రంధ్రానికి తగిలించి ఉన్నాయో, రబ్బరు చక్రం పైన, కింద ఎన్ని వాషర్లు ఏ వరుసలో ఉన్నాయో స్పష్టంగా కనిపించాలి. పళ్లెం రాకపోతే సుత్తితో కొట్టకండి, రెంచితో పెకలించకండి. మధ్యలో లాక్ క్లిప్పు ఉన్నదేమో చూసి, ఉంటే తీసి, జుట్టు ఆరబెట్టే డ్రయ్యరుతో నడిబొడ్డును రెండు మూడు నిమిషాలు వేడిచేయండి. తరువాత ఒకరు పళ్లెం అంచును రెండు చేతులతో పైకి లాగుతుండగా, మరొకరు ఇరుసు కొన మీద చెక్కముక్క పెట్టి మెల్లగా తట్టాలి. లాక్ క్లిప్పు తీసేటప్పుడు దాని మీద గుడ్డ కప్పండి, లేకపోతే అది ఎగిరి ఎక్కడో పడుతుంది.

2. కరెంటు భద్రతను పరీక్షించండి. ఈ దశను దాటవేయకండి. ఆ కాలపు వైర్ల మీది రబ్బరు తొడుగు వేలితో వంచితేనే పొడిగా రాలిపోతుంది, అటువంటి వైరును పూర్తిగా మార్చండి. మూడు పిన్నుల ప్లగ్గు పెట్టి, ఆకుపచ్చ తీగను ఇనుప చట్రానికి గట్టిగా బిగించండి. స్విచ్చి మీద నిప్పురవ్వలు రాకుండా పెట్టిన పాత కండెన్సర్‌ను తీసివేసి, అదే విలువ గల ఎక్స్2 రకం (నేరుగా మెయిన్స్ కరెంటు మీద పెట్టడానికి తయారైనది), 275 వోల్టుల ఏసీ కండెన్సర్‌ను పెట్టండి. మామూలు కండెన్సర్ ఇక్కడ ప్రమాదకరం. తరువాత స్విచ్చిని వేసిన స్థితిలో ఉంచి, ప్లగ్గు కరెంటు పిన్నులకు, చట్రానికి మధ్య మల్టీమీటరుతో నిరోధం కొలవండి. అత్యధిక శ్రేణిలో కూడా మీటరు ఏమీ చూపకూడదు. రెండు కరెంటు పిన్నుల మధ్య మాత్రం మోటారు చుట్ట నిరోధం కనబడాలి. అక్కడా ఏమీ చూపకపోతే చుట్ట తెగిందని అర్థం, మోటారును నిజంగా బాగుచేయించవలసిన సందర్భం అదే.

3. సిరీస్ బోర్డు ద్వారా మొదటిసారి కరెంటు ఇవ్వండి. ఈ మోటార్లు పది ఇరవై వాట్లకు మించి తీసుకోవు కనుక బల్బు వెలగకుండా ఉండాలి, లేదా మసకగా ఎర్రబడాలి. బల్బు నిండుగా వెలిగితే వెంటనే ఆపండి, లోపల షార్టు ఉన్నది. మోటారు బిగుసుకుపోయి తిరగకపోయినా ఈ పరీక్షలో అది కాలిపోదు.

4. మోటారును విప్పి శుభ్రం చేయండి. విప్పే ముందు పై మూత, నడుమ భాగం, కింది మూత కలిసేచోట సూదితో నిలువుగా ఒక గీత గీయండి, తిరిగి బిగించేటప్పుడు ఆ గీత కలవాలి. ఇరుసును, బుష్‌లను ఆల్కహాల్‌తో తుడవండి. బుష్‌లు సన్నని రంధ్రాలతో నూనెను పీల్చుకునే ఇత్తడి వర్ణపు లోహంతో చేసినవైతే, వాటిని ఒట్టిగా తుడిచి వదలకూడదు. గోరువెచ్చని టర్బైన్ నూనెలో ఒక రాత్రంతా నానబెట్టండి, గాలిబుడగలు రావడం ఆగిన తరువాత తీయండి. చుట్టూ ఉండే పీచు వాషరుకు కూడా నాలుగు చుక్కలు వేయండి.

ఏ నూనె వేయకూడదో కూడా చెప్పాలి. కొబ్బరినూనె చలికాలంలో గడ్డకడుతుంది, ఆముదం కొన్నాళ్లకు జిగురవుతుంది. తుప్పు వదిలించే స్ప్రే శుభ్రం చేస్తుందే కానీ నిలవదు, పైగా తుంపరలు రబ్బరు మీద పడతాయి.

తిరిగి బిగించేటప్పుడు స్క్రూలను ఒకదాని తరువాత ఒకటి పూర్తిగా బిగించకుండా ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించి, మధ్యమధ్య ఇరుసును వేళ్లతో తిప్పి చూడండి. సరిగా కుదిరిన మోటారు కరెంటు ఆపిన తరువాత క్రమంగా వేగం తగ్గి ఆగుతుంది. టక్కున ఆగితే బుష్‌లు ఒక వరుసలో లేవు. అప్పుడు స్క్రూలు అర చుట్టు వదులు చేసి, పక్కల చెక్కపిడితో మెల్లగా తట్టి, మళ్లీ బిగించండి. ఇది రెండు మూడుసార్లు చేయవలసి రావచ్చు, విసుగు చెందకండి. మోటారు రెండు గంటలు తిరిగిన తరువాత దాని మీద అరచేయి నిలపగలగాలి.

5. పుల్లీని ఆల్కహాల్‌తో మాత్రమే తుడవండి. ఇక్కడ నేను చేసిన తప్పు చెబుతాను. మొదటిసారి ఈ పని చేసినప్పుడు, నల్లబడిన ఇత్తడి పుల్లీని పెంబర్తి పనివారు మెరుగుపెట్టిన కలశంలా మార్చాలనే ఉత్సాహంతో వాటర్ పేపరు పట్టించాను. చూడముచ్చటగా తయారైంది. వేగం కొలిస్తే ఒకటిన్నర శాతం తగ్గింది. లేత్ మీద కొత్త పుల్లీ చేయించేదాకా ఆ యంత్రం మూలన పడింది. పైన చెప్పిన 0.06 మిల్లీమీటరు లెక్క నాకు తెలిసింది ఆ తరువాతనే.

6. రబ్బరు చక్రానికి ఎక్కువ సమయం కేటాయించండి. దాని అంచును గోటితో నొక్కండి. గోటిగాటు పడి, మెల్లగా మాసిపోతే రబ్బరు బతికే ఉన్నది. గోరు జారిపోయి, అంచు గాజులా మెరుస్తుంటే పైపొర గట్టిపడింది. వేళ్లకు నల్లగా జిగురు అంటితే రబ్బరు కుళ్లింది, దానికి కొత్త రబ్బరు తప్ప మార్గం లేదు.

బతికి ఉన్న చక్రాన్ని గిన్నెలు తోమే సబ్బునీళ్లతో కడిగి, ఆరబెట్టి, ఆల్కహాల్ గుడ్డతో గుడ్డకు నలుపు అంటడం తగ్గేవరకు తుడవండి. మెరుపు పోకపోతే, చక్రానికి సరిపోయే ఇరుసు ముక్కను డ్రిల్లు మిషనులో బిగించి, చక్రాన్ని దానికి తొడిగి నెమ్మదిగా తిప్పుతూ, చదునైన చెక్కకు అంటించిన 400 నంబరు వాటర్ పేపరును, తరువాత 600 నంబరును తేలికగా తాకించండి. పేపరును చేత్తో పట్టుకుని రుద్దితే చక్రం గుండ్రదనం పోతుంది. పెట్రోలు, థిన్నరు, కిరోసిన్ రబ్బరు దగ్గరకు రానివ్వకండి. వాటితో రబ్బరు మొదట మెత్తబడి బాగుపడినట్లే కనిపిస్తుంది, వారం తిరగకముందే ఉబ్బి వంకరవుతుంది. బ్రేక్ ఆయిల్‌లో నానబెట్టమని కొందరు సలహా ఇస్తారు, అదీ ఇటువంటిదే.

కొత్త రబ్బరు వేయించాలంటే రెండు మార్గాలున్నాయి. పాత రబ్బరు తీయించి కొత్తది అతికించి లేత్ మీద సాపు చేయించడం ఒకటి. చక్రం అంచుకు సన్నని గాడి తీయించి, దానిలో సరిపోయే ఓ-రింగును బిగుతుగా కూర్చోబెట్టడం రెండవది. రెండవది చవక, కానీ కొద్దిగా శబ్దం ఎక్కువ. వరంగల్‌లోని లేత్ పనివారికి ఇది కొత్త పని కనుక, "చక్రాన్ని దాని సొంత ఇరుసు మీదే బిగించి అంచును కోయాలి" అనే మాటను రెండుసార్లు చెప్పండి. బయటి అంచును పట్టుకుని కోస్తే మధ్య రంధ్రానికి అంచు కేంద్రం తప్పుతుంది. డయల్ గేజి పెట్టి చూపించమని అడగండి, ఊగిసలాట 0.05 మిల్లీమీటరు దాటకూడదు.

7. పళ్లెం బేరింగును శుభ్రం చేయండి. ఇరుసును పైకి లాగేటప్పుడు గొట్టం అడుగున చిన్న ఉక్కు గోలీ ఉండవచ్చు. అది పాత గ్రీజుతో కలిసి గుడ్డకు అంటుకుని చెత్తబుట్టలోకి పోవడం ఈ పనిలో తరచుగా జరిగే నష్టం. శుభ్రం చేసిన గుడ్డను పారేసే ముందు విప్పి చూడండి. గెరార్డ్ 301లో తొలినాటి వాటికి గ్రీజు బేరింగు, తరువాతి వాటికి నూనె బేరింగు ఉంటాయి. గ్రీజు దానిలో నూనె పోస్తే కారిపోతుంది. కొత్త నూనె వేసి ఇరుసును దింపినప్పుడు అది లోపలి గాలిని మెల్లగా తోసుకుంటూ దిగాలి. టప్పున పడి, పక్కలకు ఊగితే బుష్ అరిగింది.

8. అన్నీ బిగించేటప్పుడు రబ్బరు, పుల్లీ, పళ్లెం అంచు లోపలి గోడను చివరిసారి ఆల్కహాల్‌తో తుడిచి, ఆపై వేలితో తాకకండి. పుల్లీ నిటారుగా ఉండాలి. మోటారును వేలాడదీసే స్ప్రింగులు లేదా రబ్బరు బుడిపెలు సాగిపోయి ఉంటే మోటారు ఒక పక్కకు వాలి, చక్రం పుల్లీ మెట్టు అంచును రాసుకుంటుంది. కీళ్లకు ఒక్కో చుక్క నూనె చాలు. "ఇంకొంచెం వేస్తే ఇంకా బాగా తిరుగుతుంది" అనుకుని వేసినదంతా చివరకు రబ్బరు మీదికే చేరుతుంది.

సరిగా తిరుగుతున్నదో లేదో ఎలా తెలుసుకోవాలి?

యంత్రాన్ని ఇరవై నిమిషాలైనా తిప్పిన తరువాతనే కొలవండి, చల్లగా ఉన్నప్పుడు నూనె చిక్కగా ఉండి వేగం తక్కువ చూపుతుంది. పళ్లెం అంచున చిన్న కాగితం అంటించి, రికార్డు మీద ముల్లు పెట్టి, వంద చుట్లు లెక్కించండి. 33⅓ వేగంలో వంద చుట్లకు సరిగ్గా మూడు నిమిషాలు పట్టాలి. 1.8 సెకన్లు ఎక్కువైతే ఒక శాతం నెమ్మదిగా ఉన్నట్లు.

ఇంతకంటే సూక్ష్మంగా చూడాలంటే పళ్లెం మీద పెట్టే గీతల చక్రం (స్ట్రోబోస్కోప్) వాడండి. వేగం సరిగా ఉంటే కరెంటు దీపం వెలుగులో దాని గీతలు కదలకుండా నిలబడినట్లు కనిపిస్తాయి. మన 50 సైకిళ్ల కరెంటుకు, 33⅓ వేగానికి 180 గీతలు, 45 వేగానికి 133, 78 వేగానికి 77 గీతలు ఉండాలి. 60 సైకిళ్ల దేశాలకు తయారైన చక్రాన్ని ముద్రించుకుని, బాగున్న యంత్రాన్ని పాడుచేసుకున్నవారు ఉన్నారు, కనుక గీతలు లెక్కపెట్టండి. చాలా ఎల్ఈడీ బల్బుల కింద ఈ గీతలు నిలబడవు. స్విచ్‌బోర్డులో ఎర్రగా వెలిగే నియాన్ ఇండికేటరును ఒక హోల్డరులో పెట్టుకుంటే చక్కగా పనిచేస్తుంది. గీతలు పళ్లెం తిరిగే వైపే జరిగితే వేగం ఎక్కువ, వెనక్కి జరిగితే తక్కువ. నిమిషానికి 60 గీతలు జరిగితే ఒక శాతం తేడా. మన గ్రిడ్డు సైకిళ్లు 49.90 నుంచి 50.05 మధ్య ఉండేలా నియమం ఉన్నది కనుక ఆ వైపు నుంచి వచ్చే తేడా చెవికి తెలియదు. ఇన్వర్టరు మీద మాత్రం కొలవకండి, చాలా ఇన్వర్టర్ల కరెంటుకు మోటారు గుర్రుమంటుంది, వేగమూ నమ్మదగినది కాదు.

వేగం పగలు సరిగా ఉండి, వ్యవసాయ మోటార్లు నడిచే వేళల్లో తగ్గుతుంటే యంత్రాన్ని నిందించకండి. ఈ రకం మోటార్లు వోల్టేజీ పడితే కొంత వెనకబడతాయి. మల్టీమీటరు పెట్టి చూసి, అవసరమైతే స్టెబిలైజరు వాడండి.

శబ్దాన్ని బట్టి దోషాన్ని పట్టుకోవడం సులువు, కానీ దానికి గడియారం కావాలి. "టక్" అనే చప్పుడు 1.8 సెకన్లకు ఒకసారి వస్తే అది పళ్లేనిది, లేదా రికార్డుది. సెకనుకు మూడు నాలుగుసార్లు వస్తే రబ్బరు చక్రానిది. ఎన్నో ఏళ్లు మీట వేసిన స్థితిలోనే వదిలేయడం వల్ల పుల్లీ ఒత్తిన చోట రబ్బరు మీద గుంత పడి ఉంటుంది. తేలికైన గుంత కొన్ని గంటలు తిరిగితే సర్దుకుంటుంది, లోతైనది పోదు. ఎడతెగని హోరు వినిపిస్తే మోటారు స్ప్రింగుల వైపు చూడండి.

మార్పులు

యంత్రం సరిగా తిరుగుతున్నట్లు నిర్ధారించుకున్న తరువాత ఏదైనా ఒక మార్పు చేయదలిస్తే, అది అడుగు పెట్టె మీద చేయండి. ఐడ్లర్ యంత్రంలో మోటారు కదలిక చట్రానికి, చట్రం నుంచి ముల్లుకు చేరుతుంది, బోలు పెట్టె దాన్ని వీణ బుర్రలా పెంచుతుంది. 19 మిల్లీమీటర్ల వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ పొరలు మూడు నాలుగు, మోటారుకు, మీటలకు ఖాళీ కోసి, ఫెవికాల్‌తో అతికించి, రాత్రంతా శికంజాలో బిగించి ఉంచితే మంచి పెట్టె అవుతుంది. చుట్టూ పాత ద్వారబంధపు టేకును చెక్కించి తొడిగితే అందంగానూ ఉంటుంది.

కరీంనగర్ గ్రానైటు దగ్గరలోనే ఉన్నది కదా, దానితో చేయవచ్చా అని అడుగుతుంటారు. చేయవచ్చు. 45 సెంటీమీటర్ల పొడవు, 38 వెడల్పు, 2 సెంటీమీటర్ల మందం గల పలక తొమ్మిది కిలోలకు పైగా తూగుతుంది, ఆ బరువు మేలే చేస్తుంది. కానీ ఒంటి రాయి గంటలా మోగుతుంది. పలకను వేలి కణుపుతో కొట్టి వినండి. నా అభిప్రాయంలో రాయిని కింద పెట్టి, మధ్యలో పలుచని రబ్బరు షీటు వేసి, దాని మీద ప్లైవుడ్ పెట్టెను ఉంచడం మేలు. రాయిని కోయించే ముందు దాన్ని మోసే బల్ల గట్టిదేనా అని కూడా ఆలోచించండి.

పాత సిరామిక్ కాట్రిడ్జిని (ముల్లు కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే చిన్న భాగం), దానికి అవసరమైన అయిదారు గ్రాముల ఒత్తిడిని కొత్త రికార్డుల మీద వాడకండి. అయస్కాంతపు కాట్రిడ్జి పెట్టాలంటే దాని బలహీనమైన సంకేతాన్ని పెంచే ఫోనో ప్రీయాంప్లిఫయరు కావాలి. తీగలలో ఎరుపు కుడివైపు సంకేతం, ఆకుపచ్చ దాని ఎర్తు, తెలుపు ఎడమవైపు సంకేతం, నీలం దాని ఎర్తు. ఒత్తిడిని చిన్న డిజిటల్ తూకంతో కొలిచి, కాట్రిడ్జి తయారీదారు చెప్పిన అంకెకు సరిచేయండి. రేడియోగ్రాము చేంజరు చేయి బరువైనది కనుక దానికి సున్నితమైన కాట్రిడ్జి తగదు. ఇంట్లో 78 రికార్డులు ఉంటే వాటికి వేరే ముల్లు కొనాలి. ఎల్పీ ముల్లు కొన సుమారు 18 మైక్రాన్లు, 78కి కావలసినది సుమారు 75 మైక్రాన్లు. లెంకో ఎల్75 ఉన్నవారు చేయి కీలులోని చిన్న వి-ఆకారపు దిమ్మెలు చూసుకోండి, అవి కాలక్రమంలో పొడిగా రాలిపోతాయి, వాటికి బదులు కొత్తవి దొరుకుతాయి.

చేంజరులో ఆటోమేటిక్ భాగాలను పీకివేయమని కొందరు చెబుతారు. ఏడాది పాటు ఆగండి. పీకినా, ప్రతి స్క్రూను చీటీ రాసిన డబ్బాలో దాచండి, చట్రానికి కొత్త రంధ్రాలు మాత్రం వేయకండి.

పాట అయిపోగానే మీటను ఆపే స్థానానికి తప్పనిసరిగా తిప్పండి. గోడ స్విచ్చి ఆపి వదిలేస్తే చక్రం పుల్లీకి ఒత్తుకునే ఉంటుంది, మన మే నెల ఎండలకు కొత్త రబ్బరుకైనా గుంత పడుతుంది.